పాత సాక్సఫోన్ గొంతు

మా బావ పోయిన నెల ఒక మంగళవారం పొద్దున సిద్దిపేటలో తన ఇంట్లో చనిపోయాడు. లేచి, ముఖం కడుక్కుని, వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. అక్క చాయ్ తెచ్చేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. వార్తలు రాసే అలవాటు వల్ల అక్కడికి చేరగానే నేను ముందు ఈ వివరాలే అడిగాను. ఏడుపు తర్వాత వచ్చింది.

మా పేపరు జిల్లా పేజీలో చిన్న వార్త వేశాం. బ్యాండు మేళంలో సాక్సఫోన్ వాయించేవాడని, చుట్టుపక్కల ఆయన వాయించని ఊరు లేదని రాశాను. రెండో మాట సరిచూసుకోకుండా రాసింది. అక్కన్నపేట అవతల కొన్ని ఊళ్లకు ఆయన పోలేదు. మిగతాది నిజమే.

ఆయన నా మేనత్త కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే మా ఇంటికొచ్చి పెరిగాడు. తర్వాత మా అక్కను చేసుకున్నాడు. మా బాపుది బ్యాండు మేళం. ఇద్దరం బాపు దగ్గరే ఊదడం నేర్చుకున్నాం. నేను నాలుగైదు పెళ్లిళ్ల సీజన్లు వాయించి వదిలేసి విలేకరినయ్యాను. ఆయన చివరిదాకా వాయించాడు.

శవయాత్ర రోజు బ్యాండు వాళ్లంతా ఎర్ర కోట్లు వేసుకుని వచ్చారు. పెళ్లికైనా చావుకైనా ఆ బ్యాండు మొదలయ్యే పద్ధతి ఒకటే. ముందు సాక్సఫోన్ ఒక్క స్వరం పట్టి నిలబెడుతుంది. క్లారినెట్లు, ట్రంపెట్లు దాన్ని విని తమ శ్రుతి సరిచేసుకుంటాయి. దాన్ని 'సురు ఇచ్చుడు' అంటారు. సురు ఇచ్చేది ఎప్పుడూ మా బావే, ఆయన నిలబడేది ఎప్పుడూ ఎడమవైపే. పాడె లేచింది. ఊదేవాళ్లంతా అలవాటుగా ఎడమకు తిరిగారు. అక్కడ ఎవరూ లేరు.

"సురెవరిస్తరు ఇగ?" అన్నాడు క్లారినెట్ కాక. బాపు కాలం నుంచీ ఉన్న మనిషి. ఆయన్ను అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

చివరికి ఆయనే కళ్లు తుడుచుకుని ఒక స్వరం పట్టాడు. అది వణికింది. మిగతావాళ్లు ఆ వణుకుతున్న స్వరాన్నే పట్టుకుని నడిచారు. నేను వాళ్ల వెనక నడుస్తూ, దుఃఖంలో ఉన్న మనిషి అనుకోవలసినవి అనుకోలేదు. నేను పోతే ఎవరైనా ఇలా పక్కకు తిరిగి వెతుక్కుంటారా అనుకున్నాను.

నాకు ఆయనంటే అసూయ. ఇది నేను దాచుకున్నదేమీ కాదు. ఆయనకూ తెలుసు. "మా బామ్మర్ది కడుపుల మంట మీద చాయ్ కాసుకోవచ్చు" అని పదిమందిలో అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. చాయ్ మాత్రం రోజూ ఆయన ఇంట్లోనే తాగేవాణ్ణి.

దాని మొదలు చెప్పాలి. బాపు దగ్గర ఒక పాత ఆల్టో సాక్సఫోన్ ఉండేది. సికింద్రాబాదులో మిలిటరీ బ్యాండు నుంచి రిటైరైన ఒకాయన దగ్గర కొన్నది. ఎక్కడో విదేశంలో తయారైంది. వెండి పూత చాలాచోట్ల పోయి లోపలి ఇత్తడి కనిపించేది. గంటలా విప్పారిన దాని మూతి మీద చెక్కిన పువ్వులు చేతుల రాపిడికి అరిగిపోయాయి. బాపు దాన్ని వాయిస్తే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగేవాళ్లు. మా ఇద్దరికీ చెయ్యి కుదిరాక బాపు హైదరాబాదు పోయి ఒక కొత్త సాక్సఫోన్ తెచ్చాడు. బంగారు రంగు, తళతళా మెరిసేది. ఒకరోజు ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

"కొత్తది నీకు. పాతది వానికి" అన్నాడు నాతో.

ఇంకేమీ చెప్పలేదు. బాపు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చుట్టాలంతా కొడుకు మీద ప్రేమ కనబరిచాడన్నారు. అల్లుడికి పాత సామాను అంటగట్టాడని మేనత్త కొన్నాళ్లు మా ఇంటికి రాలేదు. నేను మాత్రం వేరేగా అర్థం చేసుకున్నాను. బజారులో దొరికేది నాకు, బజారులో దొరకనిది ఆయనకు. ఆ గొంతు ఆ వాయిద్యంలో ఉంది, దాన్ని బాపు అల్లుడి చేతిలో పెట్టాడు. ఆరోజు నేననుకున్నది ఇదే. అప్పటి నుంచి పోయిన నెల వరకూ నా లెక్క మారలేదు. ఆ పాతది నాకిచ్చి ఉంటే ఆ పేరు నాది.

ఆ గొంతు ఎలా ఉండేదో చెప్పడానికి నా దగ్గర మంచి మాటలు లేవు. చూసింది చెబుతాను. తొగుటలో ఒక పెళ్లి బరాత్ రోడ్డు మీద నిలిచిపోయింది. వెనక ఆర్టీసీ బస్సు వచ్చి ఆగి, డ్రైవరు ఒకటే హారను కొడుతున్నాడు. బావ పై స్వరం ఒకటి పట్టి నిలిపాడు. డ్రైవరు హారను మీంచి చెయ్యి తీశాడు. ఆ స్వరం అయిపోయేదాకా మళ్లీ కొట్టలేదు. నేను అప్పుడు ఆయన పక్కనే కొత్త సాక్సఫోన్ పట్టుకుని ఉన్నాను. నాది ప్రతి స్వరం సరిగ్గానే పలికేది. దానికి ఏ డ్రైవరూ చెయ్యి తీయలేదు.

పేపర్లో చేరాక ఈ గొడవ వదిలిపోతుందనుకున్నాను. వదల్లేదు. ఒక నాయకుడి ప్రెస్‌మీట్‌లో లేచి ప్రశ్న వేశాను. మల్లన్నసాగర్ రిజర్వాయరు కింద భూములు పోయినవాళ్ల గురించి. ఆయన నన్ను పరీక్షగా చూశాడు.

"నువ్వు గా సాక్సఫోన్ ఆయన బామ్మర్దివి గదా? మా బిడ్డ పెండ్లికి వచ్చిండె. ఏం ఊదిండయ్య."

హాలంతా నవ్వింది. ప్రశ్న పోయింది. మర్నాడు నా పేరుతో వార్త వచ్చింది. దాన్ని చదివానని బావ ఎప్పుడూ అనలేదు.

బావ అలవాట్లు కొన్ని రాసి పెట్టాలి, లేకపోతే పోతాయి. ఊదేచోట బిగించే సన్నటి రెల్లు బద్దను, అదే రీడును, అక్క పాత కుంకుమ భరిణెలో దాచేవాడు. పెళ్లింటికి నడిచిపోతూ దాన్ని నాలుక కింద పెట్టుకుని నానబెట్టేవాడు, అప్పుడు ఎవరు పలకరించినా తల ఊపడమే. చలికాలం పెళ్లిళ్లకు వాయిద్యాన్ని తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, చప్పుడు రాకుండా ఊరికే గాలి ఊదేవాడు. లోహం వేడెక్కితే గానీ శ్రుతికి రాదు. బస్సు హారను, గుడి గంట, పిండి గిర్నీ మోత, ఏది వినిపించినా గొంతులో ఆ స్వరాన్ని అందుకుని మెల్లగా అనేవాడు. ఎదుటివాడు మాట్లాడుతున్నా సరే. ఒకసారి దవాఖానలో నర్సు పిలిచిన పిలుపును అట్లాగే అందుకుంటే ఆమె కోపం చేసింది.

కుర్ర వాద్యకారులకు పాఠం చెప్పమంటే ఆయనకు రాదు. ఒకే మాట చెప్పేవాడు. "అది చెప్పింది నువ్వు ఇనకు. నువ్వు ఇన్నది దాంతోని చెప్పియ్యి." అది ఏదో గొప్ప కోసం అన్న మాటగా నేను లెక్కేసేవాణ్ణి. ఇప్పుడు చూస్తే అది పని ఎట్లా చేయాలో చెప్పే సూచన. అక్షరాలా.

మా బ్యాండు వాళ్లలో ఇంకో పద్ధతి ఉంది. ఒకరు ఊదే వాయిద్యాన్ని ఇంకొకరు నోట పెట్టరు. ఎంగిలి. నోట పెట్టుకునే మౌత్‌పీస్ మార్చుకుంటే చాలు గానీ, అట్లా అడగడం కూడా మర్యాద కాదు. అయినా నేను ఒకసారి అడిగాను. అక్క ఇంట్లో భోజనాలయ్యాక. నా మౌత్‌పీస్ నా జేబులోనే ఉంది.

"ఒక్కసారి ఊది ఇస్త బావా."

"వద్దులే బామ్మర్ది."

"ఎంగిలి ఏం కాదు, నాది నేను పెట్టుకుంట."

"ఎంగిలని కాదు. దీంతోని నీ నోరు కరాబైతది."

పెట్టె మూసి, రెండు కొక్కేలూ వేశాడు. పిసినారితనం అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

కోహెడ పెళ్లి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక ఎండాకాలం బావకు కామెర్లు వచ్చి దవాఖానలో పడ్డాడు. ఒప్పుకున్న పెళ్లి ఉంది. క్లారినెట్ కాక కరీంనగర్ నుంచి ఒక సాక్సఫోన్ అతన్ని పిలిపించాడు. అతని వాయిద్యం రిపేరులో ఉందట, మౌత్‌పీస్ ఒక్కటే తెచ్చుకున్నాడు. అక్క ఇంట్లోంచి పాతది తీసి ఇచ్చింది. పెళ్లివాళ్లు తెలిసినవాళ్లు కావడంతో నేనూ ఆ భోజనానికి పోయాను.

అతను పద్ధతి ప్రకారం సురు ఇచ్చాడు, కింది స్వరం. అందరూ దానికి కలిపారు. బరాత్ కదిలింది. పాట పైకి పోయేసరికి అంతా చెడింది. సాక్సఫోన్ ఒక దిక్కు, క్లారినెట్లు ఒక దిక్కు. చెవుల్లో ఇసుక పోసినట్టు ఉంది.

"ఏంది కాక గీ గోల? మా పిల్లది భయపడి ఏడుస్తుంది" అన్నాడు పెళ్లికూతురి మేనమామ.

"క్లారినెట్లు తప్పుతున్నయి, ఆపుండ్రి" అన్నాడు కాక. ఆయన చేతిలో ఉన్నదీ క్లారినెట్టే.

పట్టపగలు రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి క్లారినెట్లు విప్పారు. రీడ్లు మార్చారు, కీళ్లకు దారం చుట్టారు. కరీంనగర్ అతను పక్కన నిలబడి చెమట తుడుచుకుంటూ, "నా ఊదుడుల తప్పు లేదు సూడుండ్రి" అంటున్నాడు. నిజానికి అతని ఊదుడులో తప్పు లేదు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే. ఆ పాత సాక్సఫోన్ తప్పు పలుకుతుందేమో అని అక్కడ ఒక్కరూ అనలేదు. ఇన్నేళ్లుగా అందరూ సరిచేసుకున్నది దానికి. కొలబద్దనే అనుమానించాలని ఎవరికి తోస్తుంది? నాకూ తోచలేదు. కాక ఆ వారమే హైదరాబాదు పోయి కొత్త క్లారినెట్ కొనుక్కొచ్చాడు.

దవాఖాన మంచం మీద ఈ సంగతి నేనే బావకు చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"పాపం కాక. మంచి క్లారినెట్ అది" అన్నాడు.

నేను ఎందుకు నవ్వుతున్నావని అడగలేదు. అడగడం నా వృత్తి.

దినాలు అయిపోయిన మరుసటి వారం అక్క నన్ను పిలిచింది. బ్యాండు వాళ్లు సాక్సఫోన్ అడుగుతున్నారు. పాత వాయిద్యాలు కొనే ఆయన కూడా ఎవరో ఫోన్ చేశాడట. పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

"వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలె. ముందు నువ్వు ఊదు తమ్మీ. ఆయన ఉన్నన్ని రోజులు నీ కన్ను దానిమీదనే ఉండె."

"గట్లేం లేదక్క."

"ఉన్నది, ఉన్నది. ఊదు."

మధ్యాహ్నం. వరండాలో ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాను. నా పాత మౌత్‌పీస్, కొత్త రీడు ఇంటి నుంచే తెచ్చుకున్నాను. ఇవి తీసుకుని వచ్చానంటే అక్క అన్నది నిజమేనన్నమాట. నాకు తేలవలసింది ఒక్కటే. ఆ గొంతు దీనిదా, ఆయనదా. దీనిదే అయితే ఇన్నేళ్ల నా అసూయ న్యాయమైనది.

ఊదాను. కింది స్వరాలు నిండుగా వచ్చాయి. వరండా రేకులు కూడా మోగాయి. ఇదే, ఇదే అనుకున్నాను. పైకి పోయాను. మధ్యలో ఒక స్వరం జలుబు చేసిన ముక్కుతో పలికినట్టు మూసుకుపోయింది. దాని పైన ఒక్కొక్కటీ శ్రుతి కంటే హెచ్చుగా పోతోంది, పైకి పోయేకొద్దీ ఇంకా హెచ్చుగా. మౌత్‌పీస్ కొంచెం బయటికి లాగాను. పైవి దారికొచ్చాయి, కిందివి దిగజారాయి. లోపలికి నెట్టాను. కిందివి కుదిరాయి, పైవి చెయ్యి దాటాయి.

నా చెవిని నేను నమ్మను. ఫోనులో శ్రుతి చూపే యాప్ ఒకటి వేసుకున్నాను. ముల్లు నడుమ నిలిస్తే శ్రుతి సరి. పై స్వరాల్లో ఏది ఊదినా అది నడుమ నిలవకుండా కుడి పక్కకు పోతోంది. ఒక్కో స్వరానికి ఒక్కో దూరం. రంధ్రాలు మూసే ప్యాడ్లు పోయాయేమో అని చూశాను. కొత్తవే. పోయిన ఏడాది హైదరాబాదులో వేయించాడు. గాలి ఎక్కడా కారడం లేదు. వాయిద్యానికి రోగం లేదు. తయారు చేసినప్పుడే అది అంత.

అక్క ఫోనులో బావ ఇదే వరండాలో ఒక్కడే కూర్చుని వాయించిన వీడియో ఉంది. అడిగి తీసుకున్నాను. దాన్ని పెట్టి నా ఫోను పక్కన పెట్టాను. అవే స్వరాలు. అదే వాయిద్యం, అరిగిన పువ్వులు కనిపిస్తున్నాయి. ముల్లు నడుమ నిలబడింది. పై స్వరానికి పోయాడు, అక్కడా నడుమే. వీడియో మూడుసార్లు పెట్టాను.

"అక్కా, ఇది తప్పు పలుకుతుంది" అన్నాను.

"ఎన్నడు సక్కగ పలికింది గనక?" అంది. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది, తల ఎత్తలేదు. "బాపు నీకు మంచిది ఇచ్చిండు. ఎట్లూదినా తప్పువోనిది. మీ బావకు మొండిది ఇచ్చిండు. వీడైతే లొంగదీస్తడు అన్నడు."

"నీకెవరు చెప్పిన్రు?"

"నా ముంగట్నే అన్నడు. నేను రొట్టెలు చేస్తున్న. అవ్వ తోని చెప్పిండు."

"నా గురించి ఏమన్నడు?"

అక్క ఒక కాయ తీసుకుని, ఈనె తీసి, గిన్నెలో వేసింది.

"చెయ్యి మంచిగున్నది, చెవు లేదు అన్నడు. అందుకనే తిరిగి తిరిగి తప్పువోనిది కొనుక్కొచ్చిండు నీకోసం."

"గీ మాట నాకు ఇన్నేండ్లు చెప్పకపోతివి."

"నువ్వు అడిగితివా? కలెక్టర్‌ను అడుగుతవ్, ఎమ్మెల్యేను అడుగుతవ్. ఇంట్ల మనిషిని ఎన్నడన్న ఒక మాట అడిగినవా?"

చుట్టాలు అన్నదే నిజం. బాపు కొడుకు మీద ప్రేమ కనబరిచాడు. పాత సామాను అంటగట్టింది అల్లుడికే. ఆ సామానును ఆయన ఇన్నేళ్లూ, ప్రతి పెళ్లిలో, ప్రతి స్వరాన్ని పలికే ముందే విని, పెదవితో, దవడతో, గొంతుతో సరిచేసి బయటికి వదిలాడు. క్లారినెట్లు శ్రుతి కలుపుకున్నది సాక్సఫోన్‌కు కాదు. దాన్ని నా నోట పెట్టుకుని నెల రోజులు ఆ తిప్పలు పడి ఉంటే, నా మంచి వాయిద్యం మీద కూడా నేను తప్పేవాణ్ణి. నోరు కరాబైతది అన్నాడు. ఉన్నదే చెప్పాడు.

సాక్సఫోన్ మీద అసూయ ఆ మధ్యాహ్నం పోయింది. తేలికగా ఉంటుందనుకున్నాను. లేదు. ఆ జాగాలో మనిషి మీద అసూయ వచ్చి కూర్చుంది. ఇది దానికంటే బరువు. వస్తువైతే అడిగి తెచ్చుకోవచ్చు, లేదా ఇవ్వలేదని తిట్టుకోవచ్చు.

పెట్టెలో పెట్టబోతుంటే అక్క అంది, "ఆ పై సురు ఇంకోసారి పట్టు."

పట్టాను.

"మీదికి పోతుంది. మీ బావ దాన్ని పట్టుకుంటే గదుమ ఇట్ల కిందికి ఒదిలేటోడు." చేత్తో తన గడ్డం కిందికి దించి చూపించింది. "ఒదులు. ఇంకొంచెం. అంత కాదు, జారిపోయింది. మల్ల పట్టు."

అక్కా బ్యాండు యజమాని బిడ్డే. ఇంట్లో ముగ్గురం ఆ చప్పుళ్ల మధ్యే పెరిగాం. ఆమె చేతికి ఎవరూ ఏ వాయిద్యమూ ఇవ్వలేదు. నాకు ఫోను కావలసి వచ్చింది, ఆమెకు చిక్కుడుకాయల మీంచి తల కూడా ఎత్తనక్కర లేకపోయింది. ఈ అసూయ ఇంకొకటి.

మళ్లీ పట్టాను. దవడ వదిలాను. పెదవి నొప్పి పుట్టింది. స్వరం అటూ ఇటూ ఊగి, ఒక్కచోట కుదురుకుంది. అక్క చేతులు ఆగాయి. ఫోను వైపు చూడలేదు, చూడనక్కర లేదని తెలిసింది. వీధిలోకి పోయింది ఆ గొంతు. ఆయనదే. ఒక ఊపిరి ఉన్నంతసేపు.

ఎదురుగా వేపచెట్టు కింద బండి పెట్టుకున్న ఇస్త్రీ అతను చేతిలో ఇస్త్రీ పెట్టె పైకెత్తి అలాగే ఆగిపోయాడు. గబుక్కున మా వరండా వైపు చూశాడు. కుర్చీలో ఉన్నది నేనని చూశాడు. పెట్టె దించి, చొక్కా కాలరు మీద మెల్లగా నడపడం మొదలుపెట్టాడు.